ఇంటర్‌సెప్టర్ 650 నడిపాక

ఇవాళ వైజాగ్ భీమిలి బీచ్ రోడ్డులో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ల ఇంటర్‌సెప్టర్ 650 బైక్ టెస్ట్ రైడ్ చేశాను, ఇంకా ఆ ఊపులోనే ఉన్నాను! ఇప్పుడు నా దగ్గరున్న బండి, అదే కంపెనీ క్లాసిక్ 350కి ఒక్కటే సిలిండర్, సుమారు 20 హార్స్‌పవర్. దీనికి రెండు సిలిండర్లు, 47. ఈ అంకెలు ఎన్నిసార్లో చదివాను గానీ, రుషికొండ దాటాక ఎత్తు మీద బస్సును ఓవర్‌టేక్ చేయాల్సి వచ్చినప్పుడు గేరు తగ్గించకుండా యాక్సిలరేటర్ కాస్త తిప్పగానే బండి అలా ముందుకు దూసుకెళ్తుంటే, అప్పుడు అర్థమైంది తేడా ఏంటో. నా బండి అయితే ముందు గేరు తగ్గించాలి, కాసేపు ఆగాలి. క్లచ్ కూడా మెత్తగా ఉంది. సిటీ ట్రాఫిక్‌లో మాత్రం ఇంజిన్ వేడి కాళ్లకు బాగా తగిలింది. ఇక నెమ్మదిగా వెళ్లేటప్పుడు వినిపించే ఆ డుగ్ డుగ్ శబ్దం, అది నా క్లాసిక్‌దే, దీనికి రాదు. డబ్బులు కూడబెట్టి ఇది తప్పకుండా కొంటాను, కానీ క్లాసిక్‌ని మాత్రం ఎవరికీ ఇచ్చేది లేదు.