చీటీలు గోడ మీద ఉండగానే

శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు, మా యాప్ నమూనాను వాడి చూడటానికి వచ్చిన ఐదో ఆమెతో పరీక్ష ముగిసింది. వారమంతా ఒకే గదిలో గడిపిన మా ఆరుగురికీ ఇళ్లకు వెళ్లాలని ఉంది. చూసినవాటి మీద చర్చ సోమవారం పెట్టుకుందామన్నారు. నేను ఒప్పుకోలేదు. రెండు రోజులు గడిస్తే విన్న మాటలు జారిపోయి, మనకు నచ్చినవే మిగులుతాయి.

మేము తయారుచేస్తున్నది పొదుపు సంఘాల మహిళలకు లెక్కలు చూపించే యాప్. గూగుల్ వారి పెట్టుబడుల సంస్థ గూగుల్ వెంచర్స్‌లో రూపుదిద్దుకున్న ఐదు రోజుల డిజైన్ స్ప్రింట్ పద్ధతిని అనుసరించాం. సోమవారం సమస్యను పటంగా గీయడంతో మొదలై, గురువారానికి నమూనా సిద్ధమై, శుక్రవారం ఐదుగురి చేత వాడించి చూడటంతో ముగుస్తుంది.

వాయిదాలు బాకీ ఉన్న సభ్యుల పేర్లు ఎర్రగా కనిపించే తెరను నేనే గీశాను. సకాలంలో అప్పు తీర్చడం సంఘాలు పాటించే ఐదు నియమాల్లో, అంటే పంచసూత్రాల్లో ఒకటి కదా, దీన్ని అందరూ మెచ్చుకుంటారనుకున్నాను. మూడో ఆమె అది చూడగానే ఫోనును బల్ల మీద బోర్లించింది.

“సమావేశంలో అనుకున్నది మా పదిమంది మధ్యే ఉంటుంది నాయనా. ఈ ఫోను ఇంట్లో పిల్లలు తీస్తారు, మా ఆయన తీస్తాడు” అంది. తర్వాత వచ్చిన ఇద్దరూ అదే మాట తమ తీరులో చెప్పారు.

ఆ సాయంత్రం గంటన్నర కూర్చున్నాం. మొదటి పావుగంట ఎవరూ మాట్లాడకుండా, కళ్లతో చూసినవీ చెవులతో విన్నవీ మాత్రమే చిన్న కాగితపు చీటీల మీద రాసి గోడకు అంటించాం. ‘అర్థం కాలేదు’ అన్న చీటీలు తీసేయించాను. అది మన ఊహ. ‘మూడుసార్లు వెనక్కి నొక్కింది’ అన్నది చూసిన విషయం. ఈ తేడా దగ్గర కాస్త వాదన జరిగింది కానీ, చీటీలన్నీ ఒకచోట చేర్చాక ఏం చేయాలో దానంతట అదే తేలింది. ఎర్ర జాబితా తీసేద్దామని నేనే అన్నాను. మనసుకు కష్టంగానే అనిపించింది. ‘ఈ నెల నేను కట్టాల్సింది ఎంత’ అన్నదే మొదటి తెర కావాలని అందరం ఒప్పుకున్నాం.

తర్వాత పనులు పంచుకున్నాం. ఒక్కో పనికి ఒక్కరి పేరే, ఒక తేదీ. ఇద్దరి పేర్లు రాసిన పని ఎవరిదీ కాకుండా పోవడం ఇదివరకు చూశాను. కోడ్ రాయడం అప్పుడే వద్దనుకున్నాం. ముందు నమూనా మార్చి, రెండు వారాల్లో మరో ఐదుగురికి చూపించాలి. గోడను ఫోటోలు తీశాకే చీటీలు పీకాం.

సోమవారం నా పేరున ఉన్న మొదటి పని, ఆ మూడో ఆమెకు ఫోను చేయడం. పేర్ల జాబితా తీసేశామని చెప్పాను.

“మంచిది నాయనా. మరి నా అప్పు ఎంతో కూడా ఇంట్లోవాళ్లకు కనపడకుండా చేయగలరా?” అని అడిగింది.

ఆ ప్రశ్నను ఆమె మాటల్లోనే కొత్త చీటీ మీద రాసి, ఖాళీ గోడకు అంటించాను.