షవర్ పంప్ గోల
పైఫ్లోర్ వాళ్ల బాధ పైఫ్లోర్ వాళ్లకే తెలుసు, ట్యాంకు నెత్తిమీదే ఉంటుంది కానీ షవర్‌లో ధార మాత్రం సన్నగా కారుతుంటుంది. పాత ప్రెజర్ పంప్ కాలిపోయిందని షాపుకెళ్తే ఆయన "1 హెచ్‌పీ తీస్కోండి సార్, ఫోర్స్ అదిరిపోద్ది" అని ఒకటే గోల. లెక్క చూస్తే 10 మీటర్ల ఎత్తుకి దాదాపు 1 బార్ (నీళ్ల ప్రెజర్‌ని కొలిచే లెక్క), మాకు ట్యాంకుకీ షవర్‌కీ మధ్య 2 మీటర్లు కూడా లేవు, అంటే 0.2 బార్ కూడా రాదు, దానికి పంప్ ఇంకో 1 బార్ కలిపితే స్నానానికి బోలెడు, 1 హెచ్‌పీ ఎందుకండీ బాబూ! ఇంకోటి, ఫ్లో స్విచ్ ఉన్నదైతే నీళ్లు కాస్త గట్టిగా పారితేనే ఆన్ అవుద్ది, మా ధారకి అది లేవడం డౌటే, అందుకే ప్రెజర్ స్విచ్ (ట్యాప్ తిప్పగానే పైపులో ప్రెజర్ తగ్గితే ఆన్ అయ్యేది) ఉన్న చిన్నదే తెచ్చా. సౌండ్ రాకుండా కింద రబ్బరు ప్యాడ్ కూడా వేయించా. మా అత్తయ్య మాత్రం ఇప్పటికీ బకెట్టూ మగ్గే.