అసలు, వడ్డీ, మధ్యలో ఒక మిక్సీ

2023 జూన్ 30న ఫ్యాక్టరీ స్టోర్స్ తాళాలు అప్పగించి ఇంటికొచ్చాను. వయసు 58. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి 34 లక్షలు చేతికొచ్చాయి. ఉద్యోగుల పెన్షన్ పథకం (ఈపీఎస్) కింద వచ్చే పెన్షన్ నెలకు నాలుగు వేల లోపే. 20 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో వేశాను, వడ్డీ 8.2 శాతం. అరవై నిండనివాళ్లు రిటైర్మెంట్ డబ్బు అందిన నెల రోజుల్లోపే వెయ్యాలని అప్పటి రూలు (తర్వాత మూడు నెలలకు పెంచారు). ఆ హడావుడిలో కంపెనీ సర్టిఫికెట్ కోసం నాలుగుసార్లు తిరిగాను. మిగతాది ఎఫ్‌డీ. కాగితాల పని అయిపోయింది కదా అని ఊపిరి పీల్చుకున్నాను.

ఆగస్టులో గోంగూర రుబ్బుతుంటే మిక్సీ కమురు వాసన కొట్టింది. దేవీచౌక్ దగ్గర రిపేరు షాపులో మూడు వందలిచ్చి బాగు చేయించాను. పది రోజులకు మళ్లీ అదే వాసన. మూడోసారి వెళ్తే ఆ కుర్రాడే, "సార్, దీని పనైపోయింది, కొత్తది కొనుక్కోండి" అన్నాడు. కొత్తది 4,500. చెయ్యి రాలేదు. ఉద్యోగంలో ఉండగా అంతకంటే ఖరీదైనవి ఆలోచించకుండా కొన్నవాణ్నే. ఇప్పుడేమో ఎఫ్‌డీ జోలికి వెళ్దామంటే మా నాన్న మాట చెవిలో మోగేది: అసలు కదపకూడదురా.

"ముప్పై లక్షలు దాచుకుని నన్ను రోలు కడుక్కోమంటారా?" అంది మా ఆవిడ. జవాబు లేదు.

అక్టోబరు మొదటి వారంలో తొలి వడ్డీ, ముప్పై ఒక్క వేల చిల్లర, ఖాతాలో పడింది. ఆ సాయంత్రమే మిక్సీ కొన్నాను. బేరం కూడా ఆడలేదు. పైగా రెండు డబ్బాల పూతరేకులు.

మా అమ్మాయి కాలేజీలో ఎకనామిక్స్ చెబుతుంది. ఫోన్‌లో పడీపడీ నవ్వింది. "నాన్నా, ఆగస్టులో లేని డబ్బా ఇది? నువ్వు చేసినదానికి మెంటల్ అకౌంటింగ్ అని పేరుంది, డబ్బంతా ఒకటే అయినా మనసులో వేరువేరు పద్దులు రాసుకోవడం. దాన్ని వివరించిన ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్‌కి 2017లో నోబెల్ ఇచ్చారు." మా అమ్మకి నోబెల్ ఎవరూ ఇవ్వలేదు. పోపుల పెట్టెలో నోము కోసం దాచిన డబ్బు పాలవాడికి ఇచ్చేది కాదు, వాడికి అప్పు పెట్టేది. నేనూ ఆ తల్లి బిడ్డనే.

"అయితే నీకు నువ్వే జీతం ఇచ్చుకో" అంది అమ్మాయి. వడ్డీ పడే ఖాతాలో ఇంకో రెండు లక్షలు ఉంచి, ప్రతి ఒకటో తారీఖున 25,000 ఖర్చుల ఖాతాకి దానంతటదే వెళ్లేలా బ్యాంకులో రాసిచ్చాను. మూడు నెలల వడ్డీ 41,000, మూడు జీతాలు 75,000. అంటే తేడా 34,000 అసలులోంచే పోతోంది. నాకు తెలుసు. అయినా ఒకటో తారీఖు పొద్దున మెసేజ్ మోగగానే మా ఆవిడ "జీతం పడిందా?" అంటుంది, ఇద్దరం సంచీ పట్టుకుని బజారుకి బయల్దేరతాం. ఆసుపత్రికని 3 లక్షలు ముట్టకుండా తీసిపెట్టాను (అదీ ఒక పోపుల పెట్టే). మిగతా 11 లక్షలు, వాటి వడ్డీ లెక్కెయ్యకపోయినా, ఎనిమిదేళ్లు వస్తాయి. ఈ లెక్క కాగితం మీద చూడ్డానికి రెండు నిమిషాలు పట్టింది. మనసు ఒప్పుకోవడానికి ఆరు నెలలు.

షేర్ల సంగతి మాత్రం తేలలేదు. ఎప్పుడో 1,80,000 పెట్టి కొన్నవి 70,000కి దిగాయి. లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం పెట్టే బాధ చాలా ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లోనే రాశారట. "ఆ 70,000 ఇవాళ చేతిలో ఉంటే ఇవే షేర్లు కొంటావా?" అని అమ్మాయి అడిగింది. కొననని చెప్పాను. సగం అమ్మాను కూడా. మిగతా సగం మాత్రం, కొన్న ధర వచ్చాక చూద్దాం అన్నాను. అటునుంచి నవ్వు వినబడేలోపే ఫోన్ మా ఆవిడకి ఇచ్చేశాను.