దారి మోసేవారిది

అంధస్య పంథా బధిరస్య పంథాః
స్త్రియః పంథా భారవాహస్య పంథాః
రాజ్ఞః పంథా బ్రాహ్మణేనాసమేత్య
సమేత్య తు బ్రాహ్మణస్యైవ పంథాః

మహాభారతం వనపర్వంలో అష్టావక్రుడు జనక మహారాజుతో దారి మధ్యలో అన్న మాటలివి. గుడ్డివాడు వస్తే దారి అతడిది, చెవిటివాడు వస్తే అతడిది, స్త్రీ వస్తే ఆమెది, బరువు మోసేవాడు వస్తే అతడిది. రాజు వంతు ఆ తరువాతే. విప్రుడు ఎదురుపడితే మాత్రం రాజు కూడా తప్పుకోవలసిందే. ఉపన్యాసాలలో ఈ శ్లోకం వచ్చినప్పుడు చాలామంది నాలుగో పాదం దగ్గర ఆగిపోతారు, మెచ్చుకోవడానికో తప్పుపట్టడానికో. నా మనసు మాత్రం రెండో పాదం దాటి ముందుకు పోదు. బరువు మోసేవాడు అనగానే నాకు పాడె మోసేవాడే గుర్తుకొస్తాడు, రోడ్డు మీద మన బండ్లు అతడికి దారి ఇస్తున్నాయా అనిపిస్తుంది.

కథ తెలిసినదే. తండ్రి కహోడుడు జనకుడి సభలో వంది అనే పండితుడితో వాదించి ఓడిపోయి నీట ముంచబడ్డాడని అష్టావక్రుడికి 12వ ఏట గానీ తెలియలేదు. అప్పటిదాకా తాత ఉద్దాలకుడినే తండ్రి అనుకుంటూ పెరిగాడు. తెలిశాక ఆగలేదు. మేనమామ శ్వేతకేతువును తోడు తీసుకుని యజ్ఞశాలకు బయలుదేరాడు. దారిలో రాజు ఎదురయ్యాడు, పిల్లవాణ్ని పక్కకు తప్పుకోమన్నారు. అప్పుడు అన్నాడు ఈ శ్లోకం. జనకుడు కోపగించుకోలేదు. ‘ఇదిగో, దారి వదిలాను. నీ ఇష్టం వచ్చినట్టు వెళ్లు. నిప్పు ఎంత చిన్నదైనా తక్కువది కాదు’ అన్నాడు.

పోయిన తండ్రి కోసం నడుస్తున్న పిల్లవాడికి రాజు దారి ఇచ్చాడని నేను చదువుకుంటాను. నిప్పు మాట కూడా ఊరికే వచ్చిందనుకోను. మన వీధుల్లో తండ్రి కోసం ముందు నడిచే కొడుకు చేతిలో ఉండేది నిప్పుకుండే కదా.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లో ఉండే మన తెలుగువారికి శవయాత్రలు రెండు భాషల్లో వినిపిస్తాయి. మన ఇంటి నుంచి బయలుదేరితే గోవింద నామం, శంఖం, డప్పు. ఒడియావారి ఇంటి నుంచి బయలుదేరితే ‘రామ నామ సత్య హే’, ‘హరి బోల్’. చిల్లర డబ్బులు కలిపిన పేలాలు దారి పొడవునా చల్లుకుంటూ పోవడం మాత్రం ఇద్దరికీ ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది. గీత గీసినంత మాత్రాన బంధుత్వాలు తెగవు. కబురు అందగానే అటువారు ఇటు, ఇటువారు అటు పరుగెత్తుతారు. అందుకే ఇక్కడ పాడె వెనుక ఆగే బండ్ల వరుసలో ఏపీ నంబరూ ఉంటుంది, ఓడీ నంబరూ ఉంటుంది. ఆగడం తెలిసినవాడు, తెలియనివాడు రెండు వైపులా ఉన్నారు. ఈ విషయంలో ఏ రాష్ట్రమూ గొప్పలు చెప్పుకోనక్కరలేదు.

ఆగడం తెలిసిన డ్రైవరు ఏం చేస్తాడో గమనించండి. ఎదురుగా పాడె కనబడగానే బస్సును ఎడమ అంచుకు తెచ్చి ఆపుతాడు. గేరు న్యూట్రల్‌లో వేసి ఇంజను కట్టేస్తాడు. కండక్టరు చెప్పించుకోకుండానే సినిమా పాట ఆపేస్తాడు. స్టీరింగు మీదే రెండు చేతులూ కలిపి, పాడె అద్దం పక్కనుంచి దాటిపోయేదాకా అలాగే ఉంటాడు. కొందరు కాలి చెప్పులు కూడా విడుస్తారు. బస్సులో వెనుక సీటులో ఉన్నవారికి ఎందుకు ఆగిందో తెలియదు. కిటికీలోంచి పేలాలు, బంతిపూల రేకులు పడి ఉన్న రోడ్డు చూసి వాళ్లూ ఫోన్లు దించుతారు. ఇంజను కట్టేయడం ఎందుకంటే, పాడె మోసేవారి ముఖాలకు పొగ కొట్టకుండా. ఇది ఏ శాస్త్రంలోనూ వెతకనక్కరలేదు.

తెలియని డ్రైవరు పూర్తిగా ఆగడు. క్లచ్చి మీద కాలు పెట్టి అంగుళం అంగుళం ముందుకు జరుగుతూ, మధ్యమధ్యలో చిన్నగా హారన్ నొక్కుతుంటాడు. గట్టిగా నొక్కలేదు కాబట్టి మర్యాదగానే ఉన్నానని అతడి లెక్క. పాడె వెనుక కొమ్ము మోస్తున్నవాడి పరిస్థితి వేరు. పచ్చి వెదురు భుజం ఎముక మీద కోస్తుంటే తువ్వాలు మడిచి పెట్టుకుంటాడు. నలుగురి అడుగూ ఒకటిగా పడాలి. ఒకరు ఎత్తుగా, ఒకరు పొట్టిగా ఉంటే బరువంతా పొట్టివాడి వైపే వాలుతుంది. అలసినవాడి స్థానంలోకి కొత్తవాడు వచ్చి భుజం ఇచ్చేటప్పుడు పాడె క్షణంపాటు రెండు చేతుల మీద మాత్రమే నిలుస్తుంది. ఆ క్షణంలో వెనుక నుంచి ఎయిర్ హారన్ మోగితే తల తిప్పి చూడనివాడు ఉండడు. అడుగు తప్పుతుంది. లోపల ఉన్నవారికి ఇక ఏ నొప్పీ లేదనేది నిజమే. ముందు నడుస్తున్న కొడుకు వెనక్కి తిరిగి చూడకూడదన్న నియమం ఉన్నవాడు, ఆ కుదుపు చప్పుడు విని ఏమవుతాడు?

ఇక ద్విచక్రవాహనాలు. నిప్పుకుండకూ పాడెకూ మధ్య ఎవరూ అడ్డం రాకూడదని పెద్దలు అంటారు. బండి దూరేంత సందు కనబడేది సరిగ్గా అక్కడే.

హారన్ విషయంలో నాకు అన్నిటికంటే బాధ కలిగించేది దింపుడు కళ్లం. ఎన్నికల వార్తల్లో, క్రికెట్ వార్తల్లో ‘దింపుడు కళ్లం ఆశ’ అని ఎంతో తేలిగ్గా రాసేస్తాం. అసలు జరిగేది ఇది. శ్మశానం చేరేలోపు, ఊరి పొలిమేరలో ఒకచోట పాడె దింపుతారు. కర్మ చేసేవాడు శవం చెవి దగ్గరికి వంగి, వరస పెట్టి మూడుసార్లు పిలుస్తాడు. ‘నాన్నా’ అనో, ‘అమ్మా’ అనో. ప్రాణం ఏ మూలనైనా మిగిలి ఉండి పలుకుతారేమోనని. డాక్టరు చూసి చెప్పిన తరువాత కూడా, కాగితం జేబులో పెట్టుకుని కూడా, పిలుస్తాం. ప్రతి పిలుపు తరువాతా కాస్త ఆగుతారు. డప్పు ఆపేస్తారు, ఏడ్చేవారిని ఊరుకోమంటారు. ఆ ఆగడమే అసలు తంతు. పిలిచి వినకపోతే పిలిచినట్టు కాదు.

ఒకప్పుడు పొలిమేర అంటే చింతచెట్టో మర్రిచెట్టో, దాని కింద బండ్ల బాట. ఇప్పుడు చాలా ఊళ్లకు పొలిమేర మీదుగానే పెద్ద రోడ్డు పోతోంది. నరసన్నపేట నుంచి పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా మోహన వైపు వెళ్లే 326ఏ జాతీయ రహదారి అలాంటిదే. చోటు మారలేదు, దాని మీదకు రోడ్డు వచ్చింది. వెనుక లారీలో కూర్చున్నవాడికి పాడె ఎందుకు దించారో కనబడదు, కావాలని రోడ్డు ఆపారనిపిస్తుంది. మూడు పిలుపులకూ కలిపి రైల్వే గేటు దగ్గర నిలబడే సమయంలో సగం కూడా పట్టదు. ఆ కాస్తలోనే, కొడుకు జవాబు కోసం చెవి ఒగ్గిన క్షణంలోనే, హారన్ మోగుతుంది. ఈ పద్ధతి తెలియని ప్రాంతాల నుంచి వచ్చే డ్రైవర్లను తప్పుపట్టలేను. తెలుగు డ్రైవరుకు ఆ సాకు లేదు.

పలుకు రాదు. అప్పుడు మళ్లీ ఎత్తుతారు. అక్కడి నుంచి పిలుపు దిశ మారుతుంది. అంతవరకు రమ్మని పిలిచినవారమే ఇక వెళ్లమని చెబుతాం. ఋగ్వేదం 10వ మండలం 14వ సూక్తంలోని మంత్రం ఇది:

ప్రేహి ప్రేహి పథిభిః పూర్వ్యేభిః
యత్రా నః పూర్వే పితరః పరేయుః

వెళ్లు, వెళ్లు, మన పూర్వులైన పితరులు వెళ్లిన పాత దారుల్లోనే వెళ్లు. ఆ సూక్తమే ఇంకో మాట కూడా అంటుంది. యముడే మనకు మొట్టమొదట దారి కనుగొన్నవాడట. పాశం, దున్నపోతు, చిత్రగుప్తుడి చిట్టా ఇవన్నీ మనకు బాగా గుర్తుంటాయి. ముందు నడిచి దారి చూపినవాడిగా యముణ్ని తలుచుకునేవారు తక్కువ. వెళ్లేవారికి దారి ఉందని మంత్రం ధైర్యం చెబుతుంటే, కింద తారు రోడ్డు మీద ఆ దారినే మనం ఇరుకు చేస్తున్నాం.

ఇక్కడ డ్రైవర్లకు అనుకూలమైన శ్లోకం కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే ఒకవైపే మాట్లాడినట్టవుతుంది. మనుస్మృతి రెండో అధ్యాయంలో ఉంది:

చక్రిణో దశమీస్థస్య రోగిణో భారిణః స్త్రియాః
స్నాతకస్య చ రాజ్ఞశ్చ పంథా దేయో వరస్య చ

బండిలో వెళ్లేవాడికి, తొంభై దాటినవాడికి, రోగికి, బరువు మోసేవాడికి, స్త్రీకి, గురుకులంలో చదువు ముగించిన స్నాతకుడికి, రాజుకు, పెళ్లికొడుకుకు దారి ఇవ్వాలి. జాబితాలో మొదటివాడు బండివాడే. చూశారా, శాస్త్రం మా పక్షమే అని ఏ టాక్సీ డ్రైవరైనా అనవచ్చు. కానీ ఆనాటి బండి ఎలాంటిది? ఎడ్లను అదిలించి, చక్రాన్ని గాడిలోంచి పైకి లాగి పక్కకు తప్పించాలంటే ఎంత శ్రమ. నడిచేవాడికి ఒక్క అడుగు చాలు. ఆ జాబితాలో ముసలివారినీ, రోగినీ, మోతగాణ్నీ చూస్తే నాకు తోచేది ఒకటే, ఎవరికి తప్పుకోవడం కష్టమో వారికి దారి. రాజు, స్నాతకుడు, పెళ్లికొడుకు గౌరవం కొద్దీ చేరారు. ఇప్పుడు బ్రేకు మీద కాలు వేస్తే ఆగే బండి ఒకవైపు, నలుగురి భుజాల మీద ఊగే పాడె ఒకవైపు. తప్పుకోవడం ఎవరికి కష్టమో చెప్పనక్కరలేదు. శ్లోకం ఆనాడు బండివాడికి ఇచ్చిన హక్కును ఈనాడు పాడెకు అప్పగించినట్టే లెక్క.

చట్టం కూడా ఈ ఆలోచనకు దూరంగా ఏమీ లేదు. ఊరేగింపును దాటేటప్పుడు గానీ, అది ఎదురైనప్పుడు గానీ మోటారు వాహనం గంటకు 25 కిలోమీటర్ల వేగం మించకూడదని 1989 నాటి రోడ్డు నియమాలలోనే రాసి ఉండేది, వాటి స్థానంలో 2017లో కొత్తవి వచ్చాయి. మన సందుల్లో శవయాత్ర పక్కన 25 కూడా ఎక్కువే అనుకోండి. శవం ఎదురైతే మంచి శకునమనే నమ్మకం మన డ్రైవర్లలో చాలామందికి ఉంది. పనిమీద వెళ్తుంటే లాభం వస్తుందని లోలోపల సంతోషిస్తారు. సరే, శకునం తీసుకున్నప్పుడు కాస్త ఆగి తీసుకోవచ్చు కదా.

మోత అనగానే పాడె ఒక్కటే గుర్తుకు రావాలని లేదు. 2016 ఆగస్టులో, మన రాయగడకు పొరుగున ఉన్న కాలాహండి జిల్లాలో, ఆసుపత్రిలో చనిపోయిన భార్యను గుడ్డలో చుట్టి భుజాన వేసుకుని ఒక ఆదివాసీ ఊరికి బయలుదేరాడు. పక్కన కూతురు ఏడుస్తూ నడిచింది. ఎవరో చూసి కబురు చేసి అంబులెన్సు తెప్పించేలోపు పది కిలోమీటర్ల వరకు నడిచాడు. ఆ వీడియో దేశమంతా చూసింది. నలుగురు మోయవలసిన బరువు ఒక్కడే మోశాడు. ‘భారవాహస్య పంథాః’ అన్నది ఆ మనిషికి వర్తించినంతగా ఇంకెవరికీ వర్తించదు. అతడికి దారి ఇవ్వడమంటే పక్కకు తప్పుకోవడం కాదు, బండి ఆపి తలుపు తీయడం.

ఇప్పుడు ఒడిశాలో ఆసుపత్రుల నుంచి శవాన్ని ఇంటికి చేర్చే మహాప్రయాణ వాహనాలు ఉన్నాయి. పేదల అంత్యక్రియలకు సాయం చేసే హరిశ్చంద్ర పథకమూ ఉంది. శవవాహనానికి మాత్రం పాడెకు దొరికే గౌరవం దొరకడం లేదు. శంఖం లేదు, పేలాలు లేవు, గోవింద నామం లేదు. మామూలు వ్యాను అనుకుని దాటేస్తారు. లోపల పెట్టె పక్కన ఇనుప బల్ల మీద కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా తల కదలకుండా పట్టుకునే మనిషి ఒకరు ఉంటారు. రాయగడ ఘాటు మలుపుల్లో ఆ వ్యానుకు తొందరగా దారి ఇస్తే, దాని డ్రైవరుకు బ్రేకు మీద బ్రేకు వేయవలసిన పని తప్పుతుంది.

పాడె వెంట నడిచేవారికీ కొన్ని బాధ్యతలు ఉన్నాయి. మనువు జాబితాలో రోగి మోతగాడి కంటే ముందున్నాడు. వెనుక అంబులెన్సు మోత వినబడితే పాడెను పక్కకు జరపడం దోషం కాదు. వెళ్లిపోయినవారు బతికి ఉన్నవారికి దారి ఇచ్చారన్న పుణ్యం వారి ఖాతాలోనే పడుతుంది. ముందు మోటారు సైకిళ్ల మీద వెళ్తూ ఆగిన కార్ల బానెట్ల మీద చరిచే కుర్రాళ్లను ఇంటి పెద్దలే అదుపు చేయాలి. రోడ్డు మధ్యలో టపాకాయల సరం పేల్చి, అది అయ్యేదాకా రెండు వైపులా బస్సులు ఆపడం ఇంటి కర్మలు చెప్పే ఏ గృహ్యసూత్రంలోనూ నేను చూడలేదు. రోడ్డు ఎడమ సగంలోనే నడవవచ్చు. దింపుడు కళ్లం దగ్గర తారు మీద కాకుండా పక్క మట్టి మీద పాడె దించవచ్చు. పిలుపుకు మట్టి అయితేనేం, తారు అయితేనేం.

ఇంకొకటి, చీకటి పడ్డాక బయలుదేరవలసి వస్తే అందరికంటే వెనుక నడిచే మనిషి చేతికి ఒక టార్చిలైటు, భుజం మీద ఎర్ర తువ్వాలు ఇవ్వండి. ముందు నిప్పుకుండ ఉంటుంది, మధ్యలో పెట్రోమాక్సో ఫోను వెలుగో ఉంటుంది. లారీ వచ్చేది వెనుక నుంచి.