గోల్కొండ చప్పట్లు, తెరుచుకోని కార్డు

గోల్కొండ ఫతే దర్వాజా కింద నిలబడి చప్పట్లు కొడితే, కిలోమీటరు దూరాన కొండ మీది బాలా హిస్సార్ దాకా వినిపిస్తుంది. మే నెల ఉదయం ఆ శబ్దాన్ని వీడియోలో పట్టాలని పైకి ఎక్కాం. ఒకరు కింద దర్వాజా దగ్గర, ఒకరు పైన ట్రైపాడ్ పక్కన. బ్యాటరీ చివరి గీత మీద ఉంది. రెండోసారి చప్పట్లు వినపడ్డాక, వీడియో ఇంకా నడుస్తుండగానే కెమెరా ఆరిపోయింది. కొత్త బ్యాటరీ వేసి చూస్తే తెర మీద ఒకటే మాట: కార్డు చదవలేకపోతున్నాం, ఫార్మాట్ చేయండి.

అక్కడ ఓకే నొక్కకూడదు. కెమెరా ఆపి, కార్డు బయటికి తీసి, పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరిపి డబ్బాలో పెట్టేశాం. ఆ మీట ప్లాస్టిక్ ముక్క మాత్రమే, లోపలి చిప్‌కి దానితో సంబంధం లేదు. దాని స్థానం చూసి రాయకుండా ఆగేది కార్డును చదివే రీడరే. కొన్ని రీడర్లు పట్టించుకోవు, అయినా జరిపి ఉంచడం మేలు. కార్డు పాడవడం వల్ల పోయే ఫొటోల కన్నా, పాడయ్యాక దాని మీద మళ్లీ ఏదో ఒకటి రాయడం వల్ల పోయేవే ఎక్కువని మా నమ్మకం.

మెట్లు దిగుతుంటే పక్కనున్నవాళ్లు ఎండకు పోయిందేమో అన్నారు. కాదు. చాలా ఎస్‌డీ కార్డులు 85 డిగ్రీల దాకా పనిచేసేలా తయారవుతాయి. ఎండలో 4కే వీడియో తీస్తే ముందు వేడెక్కి ఆగిపోయేది కెమెరానే. ఇక్కడ దెబ్బ కొట్టింది కరెంటు తెగడం. కెమెరా ముందు వీడియో డేటా రాస్తూ పోతుంది. ఆ ఫైలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందన్న చిట్టాను ఆపినప్పుడే పూర్తి చేస్తుంది. మధ్యలో కరెంటు పోతే డేటా ఉంటుంది, చిట్టా ఉండదు. 2 జీబీ దాటి 32 జీబీ వరకు కార్డుల్లో, ఫైళ్లను అమర్చే పద్ధతి ఫ్యాట్32. అందులో ఆ చిట్టా పట్టికకు సాధారణంగా రెండు ప్రతులుంటాయి. అంతకన్నా పెద్ద కార్డుల్లో వాడే ఎక్స్‌ఫ్యాట్‌లో ఒక్కటే. మాది 64 జీబీ.

పాత ఫొటోలు కూడా ఎందుకు పోతాయని చాలామంది అడుగుతారు. ఫ్లాష్ మెమరీలో రాసిన చోటే మళ్లీ రాయడం కుదరదు. ముందు పెద్ద బ్లాకు మొత్తం చెరపాలి. అందుకని కార్డులోని కంట్రోలర్ పాత డేటాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరుపుతూ ఉంటుంది. సరిగ్గా ఆ పనిలో కరెంటు తెగితే, నిన్న తీసిన ఫొటో కూడా దెబ్బతినవచ్చు.

కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర రెండో కార్డు వేసి ఫొటోలు తీశాం. అన్నిటికన్నా ముందు, పొద్దున పెట్టిన రిజల్యూషన్, ఫ్రేమ్ రేటుతోనే నిమిషం వీడియో తీశాం. అది రాత్రి పనికొచ్చింది.

మధ్యాహ్నం కోఠి గుజరాతీ గల్లీకి పోయాం, ఒక యూఎస్‌బీ 3 రీడర్, ఇంకో కార్డు కొనడానికి. సంగతి విని కౌంటర్ దగ్గరి అబ్బాయి, "ఫార్మాట్ కొట్టు అన్నా, సాఫ్ అయితది" అన్నాడు. కార్డు సాఫ్ అయ్యే మాట నిజమే. మామూలు ఫార్మాట్ కొత్త పట్టిక మాత్రమే రాస్తుంది, కింది డేటా మిగులుతుంది. కానీ కొన్ని కెమెరాలు ఫార్మాట్‌లో భాగంగా చెరిపే ఆదేశం కూడా పంపుతాయి. ఆ తరువాత ఏ సాఫ్ట్‌వేర్‌కూ ఏమీ దొరకదు.

కొత్త కార్డు ఎంచుకునేటప్పుడు వేసిన లెక్క ఇది: 4కే వీడియో సెకనుకు 100 మెగాబిట్లయితే అది 12.5 ఎంబీ. వీ30 గుర్తున్న కార్డు సెకనుకు కనీసం 30 ఎంబీ రాస్తుంది కాబట్టి చాలు. 64 జీబీ కార్డు విండోస్‌లో 59.6 జీబీ దగ్గర కనపడుతుంది, అది లెక్కించే పద్ధతిలో తేడా, మోసం కాదు. అసలు మోసం లోపల ఉంటుంది: నకిలీ కార్డులోని కంట్రోలర్ లేని జాగాను ఉన్నట్టు చెబుతుంది. నిజంగా ఉన్న జాగా నిండేదాకా అంతా బాగానే నడుస్తుంది, ఆపైన ఫొటోలు మాయం. కొన్న రోజే విండోస్ ప్రోగ్రామ్ హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో కార్డంతా నింపి, తిరిగి చదివి సరిచూడాలి. సెకనుకు 30 ఎంబీ చొప్పున 64 జీబీ రాయడానికే 36 నిమిషాలు పడుతుంది. లినక్స్, మ్యాక్‌లలో ఎఫ్3 ఇదే పని చేస్తుంది.

సాయంత్రం చార్మినార్. దీపాలు వెలిగాక 30 సెకన్ల ఎక్స్‌పోజర్లు పెట్టాం. నాయిస్ తగ్గించే సదుపాయం ఆన్‌లో ఉంటే కెమెరా ఇంకో 30 సెకన్లు తీసుకుంటుంది, ఆ తరువాతే కార్డు మీద రాస్తుంది. కెమెరా బిగుసుకుపోయిందనుకుని బ్యాటరీ మూత తెరిచేవాళ్లను చూస్తాం. స్విచ్ ఆపితే సాధారణంగా రాయడం ముగించుకునే ఆరిపోతుంది. మూత తెరిస్తే అక్కడికక్కడే తెగుతుంది. కార్డు మీద రాస్తున్నట్టు చూపే కెమెరా ఎర్ర దీపం ఆరేదాకా ఏదీ ముట్టుకోకుండా, పక్కన ఇరానీ చాయ్ తాగాం.

రాత్రి నాంపల్లి లాడ్జిలో అసలు పని. కార్డు పెట్టగానే విండోస్ కూడా ఫార్మాట్ చేయమంటుంది, రద్దు చేయాలి. చెక్‌డిస్క్ అనే విండోస్ మరమ్మతు ప్రోగ్రామ్ నడపకూడదు. అది కార్డు మీదే రాసి, తెగిన ముక్కలను సీహెచ్‌కే ఫైళ్లుగా మారుస్తుంది. ముందు కార్డు మొత్తానికీ ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు ఫైలు, తీయాలి. లినక్స్‌లో డీడీరెస్క్యూ అయితే, చదవలేని చోట్లను వదిలి ముందుకు పోయి, చివర్లో మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైలు పేరు తప్పక ఇవ్వాలి, మధ్యలో ఆగినా అక్కడి నుంచే సాగుతుంది. విండోస్‌లో విన్32 డిస్క్ ఇమేజర్ ఉంది. అందులో రీడ్ బదులు రైట్ నొక్కితే ఇక తిరిగి వచ్చేదేమీ ఉండదు. మాకు పన్నెండు నిమిషాల్లో ఇమేజ్ తయారైంది. కార్డు తిరిగి డబ్బాలోకి పోయింది.

ఆ ఇమేజ్ మీద, పోయిన ఫైళ్లను వెతికే ఫొటోరెక్ నడిపాం. ఉచితం. దొరికినవి దాచడానికి వేరే డిస్కు చూపించాలి. అది పట్టికను నమ్ముకోదు, ఫైలు మొదట్లోని గుర్తులు వెతుక్కుంటుంది. అందుకే పాత పేర్లు రావు, తేదీలు మాత్రం ఫొటో లోపల కెమెరా రాసే వివరాలు, అంటే ఎగ్జిఫ్‌లో దొరుకుతాయి. ముక్కలుముక్కలుగా పడిన ఫైలును అతకడం దానికి కష్టం. బయల్దేరే ముందు కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయడం, దారిలో ఒక్కో ఫొటో చెరపకపోవడం ఇక్కడ కలిసొచ్చాయి. అన్నీ వరసగా రాసి ఉన్నాయి కాబట్టి ఫొటోలన్నీ చెక్కుచెదరకుండా వచ్చాయి.

కార్డు సంగతి: ఎస్‌డీ కార్డ్ ఫార్మాటర్‌లో ఓవర్‌రైట్ ఎంచుకుని, హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో పూర్తిగా పరీక్షించాం. ఒక్క తప్పు కనపడినా కత్తిరించి పారేసేవాళ్లం. తప్పు లేదు, కాబట్టి చిన్నచిన్న పనులకు వాడతాం.

చప్పట్ల వీడియో మాత్రం ఏ ప్లేయర్‌లోనూ తెరుచుకోలేదు. వీడియోలో ఏది ఎక్కడుందో చెప్పే సూచికను కెమెరా ఫైలు చివర్లో రాస్తుంది, అది రాసేలోపే కరెంటు పోయింది. సమాధుల దగ్గర తీసిన నిమిషం వీడియోను నమూనాగా ఇచ్చి, తెగిన వీడియోలను బాగుచేసే అన్‌ట్రంక్ నడిపితే సూచిక మళ్లీ తయారైంది. చివరి కొన్ని సెకన్లు రాలేదు. కింద కొట్టిన రెండు చప్పట్లూ వినిపిస్తున్నాయి.