దూరపు కొండలు నునుపు, మ్యాపులో ఇంకా నునుపు

సముద్రం పక్కన రోడ్డంటే బల్లపరుపుగా ఉంటుందని, కష్టమంతా లోపలి కొండల్లోనే అని లెక్క వేసుకుని సైకిల్ తీసేవాళ్లు చాలామంది. మ్యాపు కూడా వాళ్లకే వంత పాడుతుంది. దారి మొత్తంలో అన్నిటికన్నా ఎత్తైన చోటు 60 మీటర్లే అంటుంది. కానీ కొండలున్న తీరంలో ప్రతి వాగూ సముద్రంలో కలిసేచోట ఒక లోయ కోసి పెడుతుంది. రోడ్డు ఆ లోయలోకి దిగాలి, చిన్న వంతెన దాటాలి, మళ్లీ పైకెక్కాలి. అలాంటి వాగులు పది తగిలితే 600 మీటర్లు ఎక్కినట్టే. కాబట్టి చూడాల్సింది దారి మొత్తం మీద కలిపి ఎంత ఎక్కుడు ఉందన్న అంకె.

ఆ అంకెనీ గుడ్డిగా నమ్మలేం. రోడ్డు కొండ అంచు మీదుగా పోయేచోట ఎత్తుల డేటాలో కింది సముద్ర మట్టం, పై కొండ ఎత్తు కలగాపులగం అవుతాయి. లేని ఎక్కుళ్లు పుడతాయి, ఉన్నవి మాయమవుతాయి. సగటు వాలు ఇంకా మోసం. ‘1 కి.మీ., 5 శాతం’ (వంద మీటర్లకు 5 మీటర్ల ఎక్కుడు) అని ఉన్న మిట్టలో 200 మీటర్లు 14 శాతం, మిగతా 800 మీటర్లు మూడు శాతం లోపు ఉండొచ్చు. సగటు సరిగ్గానే ఉంటుంది, కాళ్లు మాత్రం ఆ 200 మీటర్ల దగ్గరే ఆగిపోతాయి. మ్యాపులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు గీతలు ఒకదాన్నొకటి రాసుకునేంత దగ్గరగా ఉన్నచోటు ఏదో వెతికి గుర్తుపెట్టుకోండి, చాలు.

పెద్ద కొండకన్నా ఈ చిన్న మిట్టలే మొండివి. పెద్ద కొండ ఎక్కేటప్పుడు ఒక లయ కుదురుతుంది. ఇక్కడ ఒక్కోటి నాలుగైదు నిమిషాలే. ‘ఈ కాస్తేగా’ అని లేచి నిలబడి దంచేస్తాం. మొదటి మూడు మిట్టలకు ఆ ఆరంభ శూరత్వం బాగానే పనిచేస్తుంది, ఏడోదానికి తొడలు పట్టేస్తాయి. పక్కవాడితో ముక్కలు ముక్కలుగానైనా మాట్లాడగలిగే శ్రమలోనే ప్రతి మిట్టా ఎక్కాలి.

అందుకు తగ్గ గేరు ఉండాలి. మనిషి, సైకిల్, నీళ్లు కలిపి 80 కిలోలు, వాలు 10 శాతం అనుకుందాం. ముందు పెడళ్ల దగ్గరి పళ్లచక్రానికి 39 పళ్లు, వెనక చక్రం దగ్గరిదానికి 25 పళ్లతో నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే గంటకు 12 కి.మీ. వేగం వస్తుంది, దానికి దాదాపు 280 వాట్లు కావాలి. ముందు 34, వెనక 34 వేస్తే అదే 60 తిప్పులకు వేగం 7.7 కి.మీ., ఖర్చు 180 వాట్లు. మొదటిది చాలామంది పదిసార్లు వరుసగా చేయలేని పని. రెండోది ఓపికుంటే అయ్యే పని. చిన్న గేరు వేయడం నామోషీ అనుకునేవాళ్లు మోకాళ్లతో దాని ధర కడతారు.

పెద్ద క్యాసెట్ (వెనక చక్రానికుండే పళ్లచక్రాల గుత్తి) కొనేముందు, చైన్‌ను ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి మార్చే వెనక డీరైలర్ దాన్ని మోయగలదో లేదో చూసుకోండి. రెండు అంకెలు చూడాలి. ఒకటి, అది తట్టుకునే అతిపెద్ద పళ్లచక్రం. రెండోది మొత్తం కెపాసిటీ. ముందు 50-34, వెనక 11-34 అయితే (50−34) + (34−11) = 39 పళ్ల తేడాకు వదులయ్యే చైన్‌ను డీరైలర్ సర్దగలగాలి. క్యాసెట్ పెద్దదై, చైన్ పాతదే పొట్టిగా ఉండిపోతే ముందూ వెనకా పెద్ద పళ్లచక్రాల జతలో గేరు పడ్డ క్షణాన డీరైలర్ ఊడి వస్తుంది. స్టాండు మీద చేత్తో తిప్పుతూ ఆ జత ఒక్కసారి వేసి చూస్తే తెలిసిపోతుంది.

ఇంకో పరీక్ష కూడా స్టాండు మీదే. సైకిల్ ఎప్పుడైనా కుడి పక్కకు పడి ఉంటే, డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ కొద్దిగా లోపలికి వంగి ఉండొచ్చు. చదును రోడ్డు మీద ఏమీ తెలియదు. మిట్ట మధ్యలో ఆఖరి పెద్ద పళ్లకు గేరు మార్చినప్పుడు మాత్రం డీరైలర్ పంజరం చక్రపు పుల్లల్లోకి దూరి అన్నిటినీ నలిపేస్తుంది. వెనక నుంచి చూస్తే డీరైలర్‌లోని రెండు చిన్న పుల్లీలు పైనున్న పళ్లచక్రంతో ఒకే నిలువు గీతలో కనిపించాలి. వంకరగా ఉంటే ముందు హ్యాంగర్ సరిచేయించండి, గేరు కేబుల్ తర్వాత. మీ ఫ్రేముకు సరిపోయే హ్యాంగర్ ఒకటి సంచీలో పడేసుకోవడం మంచిది. ఒక్కో ఫ్రేముకూ ఒక్కో రకం, దారిలో దొరుకుతుందన్న ఆశ వద్దు.

గేరు మార్చేది కూడా మిట్ట మొదలయ్యేముందే. బరువంతా పెడల్ మీద పడ్డాక ముందు చైన్‌రింగ్ (పెడళ్ల దగ్గరి పళ్లచక్రం) మారిస్తే చైన్ లోపలి వైపుకు జారిపోతుంది. జారితే వెంటనే దిగకండి. వేగం ఇంకా ఉంటే పెడల్‌ను సుతారంగా తిప్పుతూ ముందు గేరును పెద్ద రింగుకు వేస్తే చాలాసార్లు అదే ఎక్కేస్తుంది.

ఇక గాలి. నన్నడిగితే తీరం దారిలో అసలు కొండ ఇదే. ఎండ కాసే రోజు నేల నీటికన్నా త్వరగా వేడెక్కుతుంది, దానిమీది గాలి పైకి లేస్తుంది, ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి చొరబడుతుంది. పొద్దున ఆకు కదలదు. పదీ పదకొండు గంటలకు మొదలై, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య ఊపందుకుని, పొద్దు వాలాక సద్దుమణుగుతుంది. ఆ గాలి ఒడ్డుకు అడ్డంగా వీస్తుంది కాబట్టి తీరం రోడ్డు మీద అది పక్కగాలి. లోపలి కొండల వైపు తిరిగితే వెనక నుంచి తోస్తుంది, తిరుగు దారిలో ముఖం మీద కొడుతుంది.

అందుకని అడ్డూ ఆపూ లేని తీరం రోడ్డును తెల్లవారగానే తొక్కేసి, గాలి లేచే వేళకు చెట్లు, గట్లు చాటిచ్చే లోపలి దారుల్లోకి వెళ్లిపోవడం, సాయంత్రం గాలి పడ్డాక తిరిగి రావడం నాకు నచ్చే పద్ధతి. మండే ఎండల్లో మాత్రం ఇది చెల్లదు. అప్పుడు కొండలే పొద్దున్న ముగించాలి, మధ్యాహ్నపు పక్కగాలిని భరించాలి.

ఎదురుగాలి ఎంత తింటుందో చిన్న లెక్క. గాలి లేనప్పుడు గంటకు 20 కి.మీ. వేగంతో పోతున్నారు. ఎదురుగా 15 కి.మీ. గాలి వచ్చింది. అదే వేగం పట్టుకోవాలంటే ఒంటికి తగిలే గాలి 35 కి.మీ., అది ఆపే బలం వేగపు వర్గంతో పెరుగుతుంది కాబట్టి మూడు రెట్లు. ‘వచ్చేటప్పుడు వెనక గాలేగా, చెల్లుకు చెల్లు’ అనుకోవద్దు. వెళ్లేటప్పుడు 18, వచ్చేటప్పుడు 32 వేగంతో 20 కి.మీ. దూరం పోయి వస్తే 104 నిమిషాలు. గాలి లేకుండా రెండు వైపులా 25 అయితే 96. నష్టం ఎప్పుడూ మనదే, ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం. స్పీడోమీటర్ మరిచిపోయి మిట్ట ఎక్కినట్టే చిన్న గేరుతో, మోచేతులు వంచి, వీపు దించి తొక్కండి.

పక్కగాలిలో ప్రమాదం గాలి తగిలినప్పటికన్నా ఆగినప్పుడు ఎక్కువ. గాలి మీదికి ఒరిగి పోతుంటాం. పెద్ద లారీ గాలి వచ్చే వైపు నుంచి దాటగానే ఒక్క క్షణం గాలి పోతుంది, సైకిల్ లారీ వైపు లాగుతుంది, మరుక్షణం గాలి మళ్లీ ఫెడీమని కొట్టి అవతలికి నెడుతుంది. గోడ అయిపోయిన చోట, కొండ మలుపు దాటి సముద్రం ఒక్కసారి తెరుచుకునే చోట కూడా ఇదే. చేతులు డ్రాప్స్ (హ్యాండిల్‌లో కిందికి వంగిన భాగం) మీద ఉంచి, పట్టు వదులుగా, అంచు నుంచి కాస్త జాగా వదిలి తొక్కాలి. ముందు చక్రానికి పక్కగాలిని పట్టుకునే లోతైన రిమ్ములు ఇలాంటి దారికి తేకండి. వెనక ఉంటే అంత బాధ లేదు.

లోయలోకి దిగే దారి సాధారణంగా ఒక ఇరుకు మలుపుతోనో వంతెనతోనో ముగుస్తుంది, సరిగ్గా అక్కడే ఇసుక పేరుకుంటుంది. వేగమంతా మలుపు ముందే, చక్రాలు నిటారుగా ఉన్నప్పుడే తగ్గించాలి. పైనుంచి కిందిదాకా బ్రేకు సన్నగా పట్టుకుని జారితే, రిమ్మును పట్టే బ్రేకైతే రిమ్ములు కాలి, లోపలి ట్యూబు పేలే ప్రమాదం ఉంది. డిస్కు బ్రేకైతే పట్టు సడలుతుంది. గట్టిగా పట్టి, పూర్తిగా వదిలి, మళ్లీ పట్టడం మేలు. వదిలిన ఆ కొన్ని సెకన్లలోనే చల్లబడుతుంది. పొరపాటున ఇసుక మీదికి వెళ్లిపోతే బ్రేకూ వద్దు, హ్యాండిల్ తిప్పడమూ వద్దు, నిటారుగా దాటిపోనివ్వండి. పశువులు దాటకుండా రోడ్డుకు అడ్డంగా పరిచిన ఇనుప కమ్మీలనైతే చక్రం సూటిగా పెట్టి దాటాలి. తడిసి ఉంటే వాటి మీద ఒరగడం కూడా కూడదు.

టైరు వెడల్పు 28 మి.మీ. చాలు, 32 పడితే ఇంకా హాయి. 70 కిలోల మనిషికి 28 టైరులో ట్యూబు ఉంటే ముందు 65-70, వెనక 70-75 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర మొదలుపెట్టి చూడండి. వంద కొడితే వేగం పెరుగుతుందన్నది పాత భ్రమ. గరుకు పల్లె రోడ్ల మీద చక్రం ఎగిరెగిరి పడుతుంది, అంతే. టైరు అంచును పట్టే కొక్కెం లేని (హుక్‌లెస్) రిమ్ములైతే 72 పీఎస్‌ఐ దాటకూడదు.

నీళ్లు గంటకు 500 నుంచి 750 మి.లీ., పిండిపదార్థం 30 నుంచి 60 గ్రాములు. తీరంలో గాలి చెమటను అప్పటికప్పుడు ఆరబెట్టేస్తుంది కాబట్టి దాహం ఆలస్యంగా గుర్తొస్తుంది. తినేది చదునులో తినండి. మిట్ట మీద నోట్లో పెట్టుకుంటే ఊపిరీ ఆడదు, మింగుడూ పడదు.

అందరూ వదిలేసేది ఉప్పు సంగతి. ఇంటికొచ్చేసరికి సైకిల్ పొడిగా, శుభ్రంగా కనిపిస్తుంది. ఫ్రేము మీద వేలు రాసి నాలుకకు తగిలిస్తే తెలుస్తుంది. ఆ ఉప్పు పొర గాలిలోని తేమను పీల్చుకుని రాత్రంతా పని చేస్తూనే ఉంటుంది. అందుకే ఆ రోజే మంచినీళ్లతో కడగాలి, మర్నాడు కాదు. బకెట్టు, స్పాంజి, సన్నని ధార చాలు. వాహనాలు కడిగే ప్రెషర్ గొట్టంతో హబ్బుల (చక్రాల నడిమి భాగం) మీద, హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటు) మీద కొడితే ఉప్పునీటిని మీరే బేరింగుల్లోకి ఎక్కించినట్టు. తుడిచి, చైను పూర్తిగా ఆరాక, ఒక్కో రోలరు మీద ఒక్కో చుక్క ఆయిల్ వేసి, పది నిమిషాలు వదిలి, పైన మిగిలిందంతా గుడ్డతో తుడిచేయాలి. ఆ తుడవడం మానేస్తే ఇసుక అంటుకుని ఆయిలే సానరాయి ముద్ద అవుతుంది.

కంటికి కనపడని చోట జరిగేది ఇంకా చెడ్డది. రెండు వేర్వేరు లోహాలు, లేదా లోహమూ కార్బన్ ఫైబరూ ఉప్పునీటిలో తడిసి ఆనుకుని ఉంటే వాటిలో ఒకటి కరుగుతుంది, చాలాసార్లు అల్యూమినియమే. కార్బన్ ఫ్రేములో అల్యూమినియం సీట్ పోస్ట్ (సీటును మోసే గొట్టం), స్టీలు పుల్లల మీద అల్యూమినియం నిపిల్స్ (పుల్లల చివరి చిన్న నట్లు), అల్యూమినియంలోకి బిగించిన స్టీలు బోల్టులు దీనికి బలి. పైన పటారం, లోన లొటారం. తీరంలో తొక్కేవాళ్లు రెండు నెలలకోసారి సీట్ పోస్ట్ పూర్తిగా బయటికి తీయాలి. ముందు ఎత్తు దగ్గర టేపు చుట్టి గుర్తు పెట్టుకోండి. లోపల తెల్లటి పొడి కనిపిస్తే తుప్పు మొదలైనట్టే. తుడిచి, లోహపు ఫ్రేము, లోహపు పోస్టు అయితే గ్రీజు, రెంటిలో ఏది కార్బనైనా జారకుండా పట్టిచ్చే కార్బన్ పేస్టు రాసి బిగించాలి. సీసా పట్టే బ్రాకెట్ బోల్టులు, షూ అడుగున ఉండి పెడల్‌కు పట్టుకునే క్లీట్ బోల్టులు కూడా అప్పుడే ఒకసారి విప్పి, మరలకు గ్రీజు పెట్టి వేసేయండి. క్లీట్ బోల్టు తలల్లో ఇసుక గట్టిపడి ఉంటుంది, దాన్ని సూదితో తవ్వి తీశాకే అలెన్ కీ పెట్టాలి, లేకపోతే తల గుండ్రంగా అరిగిపోయి డ్రిల్లు పెడితే తప్ప రాదు.