గర్భస్రావం తప్పేనా? నా ఆలోచన మారిన తీరు

ఇంటర్మీడియట్ పిల్లలకు పౌరశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. గర్భస్రావాన్ని వ్యతిరేకించడం నేను గుడిలోనో చర్చిలోనో నేర్చుకోలేదు, జనాభా లెక్కలు చూసి నేర్చుకున్నాను. ఆరేళ్ల వయసు దాకా పిల్లల్లో ప్రతి 1000 మంది మగపిల్లలకు ఆడపిల్లలు దేశం మొత్తం మీద 1991లో 945 మంది, 2001లో 927 మంది. 2011కి 920 కూడా లేరు. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం వచ్చాక కూడా ఇదీ పరిస్థితి. "కడుపులో ఉన్నంత మాత్రాన ప్రాణం కాకుండా పోతుందా?" అని ఏటా తరగతిలో అడిగేదాన్ని. ఎవరూ ఎదురు చెప్పేవారు కాదు. లెక్చరర్‌కు ఎదురు చెప్పే అలవాటు మా పిల్లలకు లేదు లెండి.

2023 వేసవిలో చెల్లెలికి ఐదో నెల. మరిది ఊళ్లో లేకపోవడంతో, బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసే టిఫా స్కాన్‌కు నేను తోడు వెళ్లాను. గోడ మీద లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు, లింగం అడగబోమని కౌంటర్‌లో సంతకం పెట్టించుకున్న ఎఫ్ ఫారం, అన్నీ నేను పాఠంగా చెప్పేవే. లోపల డాక్టరమ్మ తల, వెన్నెముక, గుండె అంటూ ఒక్కొక్కటీ చూపిస్తూ వచ్చి ఒకచోట మాట ఆపేసింది. చెల్లిని ఎడమ పక్కకు తిరగమంది, కుడి పక్కకు తిరగమంది, కాసేపు నడిచి రమ్మంది. మళ్లీ చూసి, పొట్ట మీది జెల్ తానే తుడుస్తూ, "ఉమ్మనీరు దాదాపు లేదమ్మా. బిడ్డకు రెండు కిడ్నీలూ ఏర్పడలేదు" అంది.

ఆ నెలల్లో ఉమ్మనీరు చాలావరకు బిడ్డ మూత్రమేనని నాకు ఆరోజే తెలిసింది. కిడ్నీలు లేకపోతే ఆ నీరు ఉండదు, నీరు లేకపోతే ఊపిరితిత్తులు ఎదగవు. పుట్టినా గంటలు గడవడమే కష్టం. ఇంకోచోట చూపించాం, అక్కడా అదే చెప్పారు.

చెల్లి అత్తగారు మంచి మనిషి. "దేవుడిచ్చాడు, తీసుకునేదీ ఆయనే. మధ్యలో మనం చెయ్యి పెట్టడం ఎందుకు?" అన్నారు. నేను తరగతిలో గట్టిగా చెప్పే మాటనే ఆవిడ మెత్తగా చెప్పారు. ఆ రాత్రి చెల్లి నన్ను అడిగింది: "అక్కా, ఇంకో నాలుగు నెలలు కనబడ్డవాళ్లంతా ఎన్నో నెల అని అడుగుతారు. నేను నవ్వుతూ చెబుతూ ఉండాలా?" నేను ఏళ్ల తరబడి బోర్డు మీద రాసిన అంకెల్లో ఈ ప్రశ్నకు చోటు లేదు. నీ ఇష్టం అని మాత్రం అనగలిగాను. అది నీ వెంట ఉంటాననడమో, తప్పుకోవడమో నాకే తెలియలేదు.

తీయించుకోవాలని తనే నిర్ణయించుకుంది. ఆసుపత్రిలో భర్త సంతకం ఉండాల్సిందే అన్నారు. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలని 1971 నాటి గర్భస్రావ చట్టంలోనే ఉంది. చట్టంలో లేని ఇలాంటి షరతులు పెట్టవద్దని 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నేను అదంతా వల్లించాను. "మా పద్ధతి ఇదే మేడమ్" అన్నారు. మరిది రాత్రి బస్సులో వచ్చి సంతకం పెట్టాడు.

ఆ తర్వాత నాలో నేనే వాదించుకున్నాను. ఆడపిల్లని తెలిసి తీయించడం అంటే నాకు అంత అసహ్యం ఎందుకు? పిండం పోవడం ఒక్కటే కారణం కాదు. ఆ తల్లిని నోరు మెదపనివ్వకపోవడం, పుట్టకముందే ఆ బిడ్డను తక్కువ రకంగా లెక్కగట్టడం కూడా. మరి చెల్లి విషయంలో ఈ రెండూ లేవు. కాబట్టి ఇది వేరు, అది వేరు అని సర్దిచెప్పుకున్నాను.

ఈ మాట మా కాలేజీలోనే పనిచేసే ఒకావిడతో అంటే, ఆవిడ లంచ్ డబ్బా మూత పెట్టి సూటిగా అడిగింది. ఆవిడ కొడుక్కి డౌన్ సిండ్రోమ్. "బలవంతం ఏమీ లేదు, తల్లి ఇష్టంతోనే, మావాడి లాంటివాడని తెలిసి తీయించుకుంటే? అది తక్కువ రకంగా లెక్కగట్టడం కాదా?" నేను బతకలేని బిడ్డ గురించి ఏదో అన్నాను. "మావాడు బతకలేనివాడు కాదు. అన్నం కాస్త ఎక్కువ తింటాడు, అంతే" అంది. చట్టం వైపు చూసినా ఊరట దొరకలేదు. ఆడా మగా చూడటం నేరం. లోపం చూడటం మాత్రం గర్భిణికి మామూలు పరీక్ష. గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ తర్వాత, తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేలిస్తే గర్భస్రావానికి ఉన్న 24 వారాల గడువు కూడా వర్తించదు.

ఆ అక్టోబరులోనే సుప్రీంకోర్టుకు, గర్భస్రావానికి అనుమతి కోరిన 26 వారాల గర్భిణి కేసు వచ్చింది. ఇద్దరు బిడ్డల తల్లి, కాన్పు తర్వాత వచ్చిన మానసిక వ్యాధికి మందులు వాడుతోంది. ముందు అనుమతించిన ఇద్దరు న్యాయమూర్తులు, పిండం బతికే అవకాశం ఉందని ఎయిమ్స్ వైద్యుడు రాశాక, చెరో దారి పట్టారు. అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లి వెనక్కి తగ్గారు, జస్టిస్ నాగరత్న తన మాటకే కట్టుబడ్డారు. చివరికి ముగ్గురి ధర్మాసనం కాదంది. వాళ్లలో ఎవరు తప్పో చెప్పమంటే నేను ఇప్పటికీ చెప్పలేను. అంతకు ఏడాది ముందైతే క్షణంలో చెప్పేదాన్ని.

ఇప్పుడు నేను అనుకునేది ఇది. తొలి వారాల్లో నిర్ణయం పూర్తిగా ఆమెది, కారణం అడిగే హక్కు నాకు లేదు. నెలలు నిండేకొద్దీ కారణానికి బరువు పెరగాలి. బతకదని తేలిన బిడ్డ విషయంలో తల్లికి పాపపుణ్యాలు చెప్పబోయేవాళ్లు ముందు ఆమెతో పాటు ఆ స్కాన్ గదిలో కూర్చోవాలి. వైకల్యం దగ్గరే నాకు తెగడం లేదు. జైలు బెదిరింపుతో ఎవరినీ బిడ్డను కనమని బలవంతపెట్టకూడదు, కానీ నిర్ణయానికి ముందు అలాంటి పిల్లల్ని పెంచుతున్న ఒక కుటుంబాన్నైనా కలిసే ఏర్పాటు ఆసుపత్రే చేయాలంటాను. "కలిసి, జాలిపడి, తీయించుకుంటారు" అంటుంది మా సహోద్యోగి. ఈ ఒక్క విషయం మీద మా ఇద్దరికీ ఇంకా పొత్తు కుదరలేదు.